పిల్లి వెల, ఇంటి పరీక్ష

గోడసందులో దొరికిన పిల్లికూనను చేరదీసి, వైద్యం చేయించి, పెంచుకునేవారికి అప్పగించే సంస్థలు ఇవాళ చాలా దేశాల్లో ఉన్నాయి. లండన్, న్యూయార్క్ లాంటి చోట్ల ఇది నూరేళ్లకు పైబడిన పని. హైదరాబాదు, విశాఖపట్నాలకు ఈమధ్య వచ్చిన పని. ఎక్కడైనా పిల్లిని తెచ్చుకోబోయేవారికి రెండు షరతులు ఎదురవుతాయి. ఒకటి దత్తత రుసుము. రెండోది ఇంటి తనిఖీ. ఇల్లు సొంతమా అద్దెదా, బాల్కనీకి వల ఉందా, పగలు ఇంట్లో ఎవరుంటారు, ఇంతకుముందు పెంచిన జంతువు ఏమైంది అని అడుగుతారు. వచ్చి చూస్తారు, లేదంటే వీడియోలో చూపించమంటారు. వీధిలో పుట్టిన పిల్లికి డబ్బేమిటని కొందరికి కోపం. పిల్లనిచ్చేవాళ్లు కూడా ఇన్ని వాకబులు చేయరని మరికొందరికి విసుగు. సంస్థల్లో పనిచేసేవాళ్లేమో ఈ రెండూ లేకపోతే పిల్లి బతుకు గాలిలో దీపమే అంటారు. ఈ తగవులో ఇరుపక్షాలూ రుసుమునూ తనిఖీనీ ఒకే గాటన కట్టేస్తున్నాయి. చరిత్ర చూస్తే అవి వేర్వేరు అవసరాల నుంచి వచ్చాయి. ఇవాళ మనం చెల్లించే రుసుము వెనక పశువైద్యుడి ఆపరేషన్ బల్ల ఉంది. తనిఖీ వెనక చావు భయం, ప్రయోగశాల భయం ఉన్నాయి. రుసుముకు కారణమైన అవసరం ఇంకా అలాగే ఉంది. తనిఖీకి కారణమైన భయాలు మాత్రం చాలావరకు తీరిపోయాయి. కాబట్టి రుసుమును నిలుపుకోవాలి, తనిఖీని బాగా కుదించాలి అన్నది ఈ వ్యాసం వాదన.

పిల్లికి వెల కట్టడం కొత్త సంగతేమీ కాదు. పదో శతాబ్దంలో వేల్స్‌ను పాలించిన హవెల్ దా పేరు మీద చెలామణి అయిన న్యాయసూత్రాలు పదమూడో శతాబ్దం నాటి రాతప్రతుల్లో దొరుకుతున్నాయి. వాటి ప్రకారం కళ్లు తెరవని పిల్లికూన వెల ఒక పెన్నీ. కళ్లు తెరిచినప్పటి నుంచి ఎలుకను పట్టేదాకా రెండు పెన్నీలు. ఎలుకలు పట్టడం మొదలుపెట్టాక నాలుగు. మంచి పిల్లికి కళ్లు కనబడాలి, చెవులు వినబడాలి, గోళ్లు చెక్కుచెదరకుండా ఉండాలి, ఎలుకల్ని చంపాలి, తన పిల్లల్ని తినేయకుండా సాకాలి. కొన్న పిల్లిలో వీటిలో ఏది లోపించినా అమ్మినవాడు మూడోవంతు సొమ్ము వెనక్కివ్వాలి. రాజుగారి ధాన్యపు కొట్టును కాసే పిల్లిని ఎవరైనా చంపినా, దొంగిలించినా జరిమానా మరీ వింతగా ఉండేది. శుభ్రం చేసిన నేల మీద పిల్లిని తోక పట్టి తలకిందులుగా వేలాడదీసి, తోక కొస మునిగేదాకా గోధుమలు పోయాలి. ఆ కుప్పంతా రాజుకు చెల్లించాలి. ఎలుక మేసే ధాన్యం విలువతోనే పిల్లి విలువను కొలిచిన కాలమది. ఆ సూత్రాల్లో హామీ ఇచ్చేది అమ్మేవాడు, పుచ్చుకునేది కొనేవాడు, పరీక్షకు నిలబడేది పిల్లి. ఇవాళ ఇచ్చేవారు ప్రశ్నలు అడుగుతున్నారు, పుచ్చుకునేవారు హామీ రాసిస్తున్నారు, పరీక్షకు నిలబడుతున్నది ఇల్లు. ఇంతటి మార్పు ఎప్పుడు, ఎందుకు వచ్చిందో తెలిస్తే తప్ప దాని మంచిచెడ్డలు తేల్చలేం.

పందొమ్మిదో శతాబ్దపు లండన్‌లో పిల్లులకు కొదవ లేదు, వాటిని పట్టించుకునే దిక్కే లేదు. వేసవి రాగానే కలవారి కుటుంబాలు ఇళ్లకు తాళం వేసి సముద్రతీరానికో పల్లెపట్టుకో తరలిపోయేవి. ఇంటి పిల్లి వీధిపాలయ్యేది. 1860లో హాలోవే ప్రాంతంలో మేరీ టీల్బీ అనే మహిళ దారితప్పిన, ఆకలితో మాడుతున్న కుక్కల కోసం ఒక ఆశ్రయం తెరిచింది. అది 1871లో బాటర్‌సీకి మారింది. అక్కడ పిల్లులకు చోటు దొరికింది 1883లో. పిల్లుల కోసమే ఒక ఆశ్రయం 1896లో కామ్డెన్ టౌన్‌లో వెలిసింది. అయితే ఆశ్రయం అనగానే ఇవాళ మనకు తోచే అర్థం అప్పటివారికి లేదు. కామ్డెన్ టౌన్‌కు చేరిన పిల్లుల్లో అత్యధికభాగం నొప్పి తెలియని చావుకే వెళ్లాయి. బాటర్‌సీలో 1884లో బెంజమిన్ వార్డ్ రిచర్డ్‌సన్ అనే వైద్యుడు మత్తు వాయువుతో ప్రాణం తీసే గదిని అమర్చితే, దాన్ని దయాగుణానికి దక్కిన విజయంగానే అప్పటి జంతుప్రేమికులు చూశారు. వాళ్లను కఠినాత్ములని అనలేం. ఆకలితో, రాళ్ల దెబ్బలతో వీధిలో చచ్చే పిల్లికి తాము ఇవ్వగలిగిన మేలు అదేనని మనస్ఫూర్తిగా నమ్మారు. అడిగేవాళ్లు తక్కువ, వచ్చిపడే పిల్లులు వేలకు వేలు. ఆపరేషన్ చేసి సంతానం ఆపే వీలు వాళ్లకు దాదాపు లేదు.

ఇంటి తనిఖీ అనే ఆలోచనకు వేరు ఇక్కడే ఉందని నా అభిప్రాయం. చెడ్డ ఇంటికంటే మంచి చావు మేలని నమ్మినచోట, పిల్లిని ఇవ్వకపోవడం నష్టంగా కనబడదు. ఇల్లు మంచిదని రుజువైతేనే ఇవ్వాలి, అనుమానం ఉంటే ఆపేయాలి అన్న నియమం ఆ నమ్మకంలోంచి సహజంగానే వస్తుంది. 1927లో లండన్ కాక్స్‌టన్ హాల్‌లో జెస్సీ వేడ్ అధ్యక్షతన జరిగిన సమావేశంలో క్యాట్స్ ప్రొటెక్షన్ లీగ్ పుట్టింది. పిల్లికి సమాజంలో గౌరవం తేవాలని, సంతాన నియంత్రణను ప్రచారం చేయాలని ఆ సంస్థ పూనుకుంది. కానీ పన్నెండేళ్లు తిరిగేసరికి పెద్ద దెబ్బ తగిలింది. 1939 సెప్టెంబరులో యుద్ధం ప్రకటించిన మొదటి వారంలోనే లండన్ వాసులు దాదాపు 4 లక్షల కుక్కల్నీ పిల్లుల్నీ చంపించేశారని చరిత్రకారిణి హిల్డా కీన్ తన పరిశోధనలో చూపించింది. అప్పటికి నగరం మీద ఒక్క బాంబు కూడా పడలేదు. చంపమని ప్రభుత్వం ఆజ్ఞాపించలేదు; జంతువుల్ని పల్లెలకు పంపలేకపోతే నొప్పిలేకుండా చంపించడం మేలని ఒక సలహా కరపత్రం చెప్పింది, అంతే. జంతు సంక్షేమ సంస్థల గుమ్మాల ముందు యజమానులు వరసకట్టి నిలబడ్డారు. ఆ రోజుల్ని చూసిన కార్యకర్తలకు మనుషుల మీద నమ్మకం సడలితే వాళ్లను తప్పుపట్టలేం. కానీ ఒక్క సంగతి గమనించాలి. ఆ 4 లక్షల జంతువుల్లో ఎక్కువభాగం ప్రేమగా పెరిగినవే, శుభ్రమైన ఇళ్లలో ఉన్నవే. ఏ తనిఖీదారు వెళ్లి చూసినా ఆ ఇళ్లలో చాలావాటికి మంచి మార్కులే పడేవి. ఇల్లు ఎలా ఉందో చూస్తే ఆపద వచ్చిననాడు ఆ ఇంటివాళ్లు ఏంచేస్తారో తెలియదు.

అమెరికాలో ఇంకో భయం దీనికి తోడైంది. ఇంగ్లండులో 1906 నాటి కుక్కల చట్టం, పోలీసులు పట్టిన కుక్కల్ని ప్రయోగాల కోసం ఇవ్వకూడదని స్పష్టంగా నిషేధించింది. న్యూయార్క్ రాష్ట్రంలో జరిగింది సరిగ్గా దీనికి వ్యతిరేకం. 1952లో వచ్చిన మెట్‌కాఫ్-హాచ్ చట్టం ప్రకారం ప్రజాధనం పుచ్చుకునే ఆశ్రయాలు, ఎవరూ అడగని కుక్కల్నీ పిల్లుల్నీ ప్రయోగశాలలు కోరితే ఇచ్చితీరాలి. ఇళ్ల ముందు నుంచి జంతువుల్ని ఎత్తుకుపోయి ప్రయోగశాలలకు అమ్మే దళారుల వ్యాపారం కూడా అప్పుడే సాగింది. ‘మంచి ఇంటికి ఉచితంగా ఇస్తాం’ అన్న పత్రికా ప్రకటన చూసి, పెంచుకునేవాళ్లలా నటిస్తూ వచ్చి పట్టుకెళ్లేవారు. 1965లో పెన్సిల్వేనియాలో ఒక ఇంటి నుంచి మాయమైన పెప్పర్ అనే డాల్మేషన్ కుక్క న్యూయార్క్‌లో ఒక ప్రయోగంలో చనిపోయిందని బయటపడింది. మరుసటి ఫిబ్రవరిలో లైఫ్ పత్రిక దళారుల కొట్టాల ఫొటోలు అచ్చువేసింది. దేశమంతా భగ్గుమంది. 1966 ఆగస్టు 24న అధ్యక్షుడు జాన్సన్ సంతకం చేసిన చట్టం కుక్కలు, పిల్లుల వ్యాపారులకు లైసెన్సు తప్పనిసరి చేసింది. ఆ కాలంలో ‘మీరెవరు, ఎక్కడుంటారు, మీ ఇల్లు చూడొచ్చా’ అని అడగడం చాదస్తం కాదు, అత్యవసరం. దళారికి గిట్టుబాటు కాకుండా కొంత డబ్బు అడగడం కూడా పనికొచ్చే ఆయుధమే. కానీ న్యూయార్క్ చట్టం 1979లో రద్దయింది. 2012 నుంచి అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల నిధులతో ఇలాంటి దళారుల దగ్గర పిల్లుల్ని కొనడం కూడా ఆగింది. భయానికి కారణం పోయినా, దానికి విరుగుడుగా పుట్టిన ప్రశ్నల జాబితా మాత్రం సంస్థల అలమరాల్లో మిగిలిపోయింది.

రుసుము సంగతి వేరు. ఆడ పిల్లి అయిదో నెల నిండకముందే కడుపుతో ఉండగలదు, తొమ్మిది వారాల్లో పిల్లలు పెడుతుంది, పాలు మాన్పించకముందే మళ్లీ గర్భం ధరించగలదు. 1970ల మొదట్లో అమెరికా ఆశ్రయాల్లో ఏటా కోటికి పైగా కుక్కలూ పిల్లులూ చంపబడుతున్నాయని అంచనా. ఇళ్లు వెతికి ఈ లెక్కను తగ్గించడం అసాధ్యమని, పుట్టుకనే తగ్గించాలని అప్పటికి తేలిపోయింది. లాస్ ఏంజెలస్ నగరం 1971లో తక్కువ ఖర్చుతో ఆపరేషన్ చేసే మునిసిపల్ ఆసుపత్రిని తెరిచింది. అయితే పిల్లికూనకు ఆరు నెలలు వచ్చేదాకా ఆపరేషన్ చేయకూడదని పశువైద్యుల ఆనవాయితీ. అందుకని ఆశ్రయాలు ఆపరేషన్ చేయని కూననే ఇచ్చి, కొంత ధరావతు పట్టుకునేవి. ఆపరేషన్ చేయించి చీటీ చూపిస్తే డబ్బు వాపసు. చాలామంది ఆ చీటీ తేలేదు. ధరావతు పోయినా ఫరవాలేదనుకున్నవాళ్లు, మరిచిపోయినవాళ్లు, ఈలోగానే పిల్లి కడుపుతో ఉందని గ్రహించినవాళ్లు, అందరివల్లా కూనలు మళ్లీ ఆశ్రయాలకే వచ్చిచేరాయి. 1987లో అమెరికా పశువైద్య సంఘం పత్రికలో లియో లీబర్‌మన్ అనే పశువైద్యుడు రెండు నెలల వయసులోనే ఆపరేషన్ చేయవచ్చని వాదించాడు. 1993లో ఆ సంఘం చిన్న వయసు ఆపరేషన్‌ను సమర్థించింది. 1998లో కాలిఫోర్నియా శాసనసభ, ఆపరేషన్ చేశాకే పిల్లిని అప్పగించాలని ఆశ్రయాలను నిర్దేశించే చట్టం చేసింది. ఈ పదేళ్లలో రుసుము స్వభావమే మారింది. అంతకుముందు అది మనిషి మాట నిలబెట్టుకుంటాడో లేదో అన్న అపనమ్మకానికి తాకట్టు. తరవాత అది జరిగిపోయిన ఆపరేషన్‌లో, వేసిన టీకాల్లో, నులిపురుగుల మందులో ఒక వాటా. ఆ మొత్తం సంస్థకు అయిన ఖర్చులో చాలాసార్లు సగం కూడా ఉండదు. పిల్లిని అమ్ముకుంటున్నారనేవారికి ఇదే జవాబు. లాభమే కావాలంటే నాలుగు జబ్బులతో వచ్చిన వీధి పిల్లికి ఎవరూ ఆపరేషన్ చేయించరు.

కానీ రుసుమును సమర్థించేవారు తరచూ ఇంకో మాట అంటారు. ఊరికే వచ్చినదానికి విలువ ఉండదు, డబ్బు పెట్టినవాళ్లే జాగ్రత్తగా చూసుకుంటారు అని. వినడానికి లోకజ్ఞానంలా ఉన్నా ఈ మాటకు ఆధారం లేదు. 2009లో ఎమిలీ వైస్, షానన్ గ్రామన్ అనే పరిశోధకులు డబ్బు కట్టి పిల్లిని తెచ్చుకున్నవారినీ ఉచితంగా తెచ్చుకున్నవారినీ పోల్చి చూశారు. పిల్లితో పెనవేసుకున్న అనుబంధంలో ఈ రెండు గుంపులకూ చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. మనసు పెట్టి ఆలోచిస్తే ఇందులో ఆశ్చర్యమేమీ లేదు. మన ఇళ్లలో ఉన్న పిల్లుల్లో ఎక్కువభాగం ఎవరూ పైసా ఇచ్చి తెచ్చినవి కావు. కాబట్టి రుసుముకు ఒకే ఒక సమర్థన నిలుస్తుంది: ఆపరేషన్‌కూ మందులకూ అయిన ఖర్చు. మనిషి ప్రేమను, తాహతును కొలిచే సాధనంగా దాన్ని వాడటం తప్పు. పదేళ్ల ముసలి పిల్లికో, ఒంటికన్ను పిల్లికో రుసుము మాఫీ చేసి ఇచ్చే సంస్థను బాధ్యత లేనిదని నిందించడమూ తప్పే.

తనిఖీ ఎంత స్థిరంలేని కొలమానమో తెలుసుకోవడానికి బ్రిటన్, అమెరికా పద్ధతుల్ని పక్కపక్కన పెట్టి చూస్తే చాలు. పిల్లి బయట తిరగడానికి తోట ఉందా, పెద్ద రోడ్డు దూరంగా ఉందా అని బ్రిటన్‌లో సాధారణంగా అడుగుతారు. ఎల్లవేళలా ఇంట్లోనే ఉంచాల్సిన పిల్లులంటూ ఉంటే వాటిని ప్రత్యేకంగా చెబుతారు. అమెరికాలో చాలా సంస్థలు పిల్లిని ఎప్పటికీ బయటికి వదలబోమని సంతకం పెట్టించుకుంటాయి. ఒక దేశంలో యోగ్యత అనిపించుకున్నది రెండో దేశంలో అనర్హత. పిల్లి స్వభావం అట్లాంటిక్ దాటగానే మారిపోదు కదా. అమెరికాలో ఈ పట్టింపుకు వీలు కల్పించింది ఒక చిన్న సరుకు. 1947లో మిషిగన్ రాష్ట్రంలో ఎడ్వర్డ్ లో అనే యువకుడు పిల్లి మలమూత్రాలకు ఇసుక, బూడిద బదులు తేమను పీల్చే మట్టి పలుకుల్ని సంచుల్లో అమ్మడం మొదలుపెట్టాడు. దాంతో పిల్లిని పూర్తిగా ఇంట్లోనే ఉంచడం మొదటిసారిగా సులువైంది. సులువైనది క్రమంగా అలవాటుగా, అలవాటు నియమంగా, నియమం మనుషుల్ని వడగట్టే ప్రమాణంగా మారింది. మరోవైపు తనిఖీలో అడిగేవాటిలో గట్టి ఆధారం ఉన్నవీ లేకపోలేదు. లీబర్‌మన్ వ్యాసం వచ్చిన ఏడాదే అదే పత్రికలో, న్యూయార్క్‌లో అయిదు నెలల్లో ఎత్తయిన మేడల నుంచి పడి ఒకే ఆసుపత్రికి వచ్చిన 132 పిల్లుల లెక్క అచ్చయింది. చికిత్స అందినవాటిలో తొంభై శాతం బతికాయి గాని, ఛాతీ దెబ్బలతో, విరిగిన దవడలతో, కాళ్లతో బతికాయి. కిటికీకి, బాల్కనీకి వల ఉందా అన్న ప్రశ్న ఎవరి ఊహా కాదు.

క్రూరుల మాటేమిటని అడుగుతారు. పిల్లుల్ని హింసించడానికే తీసుకెళ్లేవాళ్లు ఉన్నారు, తనిఖీ లేకపోతే వాళ్లకు ఎదురేముందని. ఈ భయాన్ని తేలిగ్గా తీసిపారేయకూడదు. కానీ అలాంటివాడు ఇల్లు సర్ది, నవ్వుతూ తలుపు తీసి, అడిగిన ప్రతిదానికీ సరైన జవాబు చెప్పగలడు. తెనాలి రామకృష్ణుడి పిల్లి కథ తెలుగువారికి తెలిసినదే. ఎలుకల బెడద పోవాలని రాయలవారు ఇంటికో పిల్లిని, దాన్ని సాకడానికి పాలిచ్చే ఆవును ఇచ్చి, తరవాత పిల్లుల్ని రప్పించి చూశారట. రామకృష్ణుడి పిల్లి బక్కచిక్కి ఉంది, పాలు చూడగానే పారిపోయింది. మొదటిరోజే మసిలే పాలు పెట్టి దాని నోరు కాల్చిన సంగతి పిల్లిని చూశాకే బయటపడింది. అప్పగించే ముందు ఆయన ఇంటిని ఎన్నిసార్లు తనిఖీ చేసినా అది తెలిసేది కాదు. ముందు చేసే తనిఖీ దుర్మార్గుణ్ణి పట్టుకోవడం అరుదు. అది నిజంగా ఆపేది ఎవర్నంటే, అద్దె ఇంట్లో ఉండేవారిని, పగలు ఇద్దరూ పనికి వెళ్లేవారిని, చిన్నపిల్లలున్న ఇంటివారిని, తెలియని మనుషులు వచ్చి తమ ఇల్లు చూడటం అవమానంగా భావించే పేదలను. వాళ్లు పిల్లిని పెంచుకోవడం మానేయరు. ఆపరేషన్ లేని కూనను ఎవరి దగ్గరో తెచ్చుకుంటారు. అప్పుడు తనిఖీ ఏ కష్టాన్ని ఆపాలనుకుందో అదే పెరుగుతుంది. అమెరికా జంతుహింస నివారణ సంఘం అంచనా ప్రకారం 2011లో ఆ దేశపు ఆశ్రయాల్లో 26 లక్షల జంతువుల్ని చంపారు. 2019 నాటికి అది 9.2 లక్షలకు తగ్గింది, అందులో పిల్లులే 5.3 లక్షలు. ఈ తగ్గుదలకు కారణాలు చాలా ఉన్నాయి. అయితే అదే కాలంలో ఎన్నో సంస్థలు ప్రశ్నాపత్రాన్ని పక్కన పెట్టి, పిల్లి గురించి, ఇంటి అలవాట్ల గురించి మాట్లాడుకుని అప్పగించే పద్ధతికి మారాయి. దానివల్ల క్రూరుల చేతికి పిల్లులు ఎక్కువగా చిక్కాయన్న రుజువేదీ రాలేదు. తనిఖీ కోసం పిల్లి బోనులో ఎదురుచూసే ప్రతి వారమూ ఇంకో పిల్లికి చోటు లేకుండా చేస్తుందన్న లెక్క కూడా ఇక్కడ వేసుకోవాలి.

అయితే అడగాల్సినవి బొత్తిగా లేవని కాదు. బ్రిటన్‌లో కుక్కలకు 1987 వరకు లైసెన్సు ఉండేది, పిల్లులకు ఏనాడూ లేదు. ఎవరి పిల్లి ఎవరిదో చెప్పే కాగితం రాజ్యం దగ్గర లేని చోట, ఆ భారమంతా దత్తత పత్రం మీద పడింది. 2024 జూన్ 10 నుంచి ఇంగ్లండులో పెంపుడు పిల్లికి మైక్రోచిప్ తప్పనిసరి. యజమాని ఎవరో తేల్చే పని చట్టం చేస్తున్నప్పుడు, సంస్థ ఇంట్లోకి తొంగిచూడాల్సిన అవసరం అంతమేరకు తగ్గుతుంది. మిగిలేవి మూడు. ఎత్తు నుంచి పడకుండా వల. అద్దె ఇల్లయితే యజమాని ఒప్పుకోలు. లేకపోతే పిల్లి ఆరునెలల్లో తిరిగి వీధికే. మూడోది సంస్థ ఇవ్వాల్సిన హామీ: ఎప్పుడు, ఏ కారణంతో వద్దనుకున్నా పిల్లిని వెనక్కి తీసుకుంటామని. 1939లో ఆ యజమానులకు లేనిది ఇదే. చంపించడం కాక ఇంకో తలుపు తెరిచి ఉంటే వాళ్లలో ఎంతోమంది అటే వెళ్లేవారని నా నమ్మకం.

తెలుగునాట ఈ చరిత్ర ఇంకా మొదటి పుటల్లోనే ఉంది. పల్లెల్లో పిల్లిని అమ్మడం, కొనడం పెద్దగా వాడుకలో లేదు. గాదెలున్న ఇంటికి అదే వచ్చేది, తన పిల్లల్ని ఏడిళ్లు తిప్పి చివరికి నచ్చినచోట ఉండిపోయేది. పిల్లిని చంపితే బంగారు పిల్లిని చేయించి దానమివ్వాలన్న నమ్మకం వల్ల ఎవరూ చంపడానికి సాహసించేవారు కాదు. కూనలు ఎక్కువైతే గోనెసంచిలో వేసి పొలిమేర దాటించేవారు. ఆ సంచి అలవాటు నగరాలకూ వచ్చింది, చేపల మార్కెట్ల దగ్గర, హోటళ్ల వెనక సందుల్లో కూనల్ని వదిలేయడంగా. హైదరాబాదులో 1992లో అక్కినేని అమల బ్లూ క్రాస్‌ను స్థాపించారు. 2001లో కేంద్రం చేసి, 2023 వరకు అమలులో ఉన్న జంతు జనన నియంత్రణ నియమాలు పేరులోనే కుక్కలకు సంబంధించినవి. మునిసిపాలిటీల ఖర్చూ శ్రద్ధా అటే వెళ్లాయి. పిల్లి ఆపరేషన్ ఖర్చు ఎక్కువగా దాన్ని కాపాడిన మనిషి జేబులోంచే పోతోంది. కాబట్టి ఇక్కడ దత్తత రుసుము అడగడం న్యాయమే, అసలు అడగకపోతే ఆ పని ఎక్కువ రోజులు సాగదు. దాన్ని తగ్గించే మార్గం కాపాడినవారి మీద కోపగించుకోవడం కాదు, పశువుల ఆసుపత్రుల్లో పిల్లుల ఆపరేషన్‌కు వారానికో రోజు కేటాయించమని మునిసిపాలిటీల్ని, ప్రభుత్వాల్ని అడగడం. అయితే అమెరికా ప్రశ్నావళిని ఉన్నదున్నట్టు దించుకోవాల్సిన పని లేదు. నల్గొండలో వరి పండించే ఇంటివాళ్లు ఆపరేషన్ అయిన రెండు పిల్లుల్ని అడిగితే, రాత్రిళ్లు బయటికి వదులుతారన్న కారణంతో కాదనడానికి ఏ ఆధారమూ లేదు. మియాపూర్‌లో అయిదో అంతస్తులో వల లేని బాల్కనీ ఉన్నవాళ్లను, వల బిగించేదాకా ఆగమనడానికి మాత్రం 1987 నుంచే ఆధారం ఉంది.